అస్తిత్వం, తేడా, అసమానత: విశాఖను ముందు పెట్టుకొని చదవడం ఎలా

సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం, స్త్రీల అధ్యయనం వంటివి తీసుకున్న విద్యార్థులకు అస్తిత్వం, భిన్నత్వం, సామాజిక అసమానతల మీద ఒక పేపరు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. చాలామంది దానిని సులువైన పేపరుగా లెక్కవేస్తారు. కులం, మతం, లింగం, వర్గం అని నాలుగు శీర్షికలు పెట్టి ఒక్కొక్కదాని కింద పది వాక్యాలు రాస్తే మార్కులు వస్తాయని సీనియర్లు చెబుతారు, వస్తాయి కూడా. అయితే అలా చదివిన వారికి పరీక్ష అయిన మరునాటికి చేతిలో ఏమీ మిగలదు. ఈ పేపరు నేర్పగల అసలు నైపుణ్యం ఒక్కటే: మనుషుల మధ్య ఉన్న ఒక తేడా ఏ నియమం వల్ల, ఏ అలవాటు వల్ల అసమానతగా మారుతున్నదో వేలు పెట్టి చూపగలగడం. విశాఖపట్నంలో ఉంటూ దానిని ఎలా అలవరచుకోవచ్చో, కొన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్న అనుభవంతో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మీరు కళాశాలలో చేరేటప్పుడు నింపిన దరఖాస్తు నకలును బయటికి తీయండి. పేరు, తండ్రి పేరు, మతం, కులం, మాతృభాష, స్థిరనివాసం, వార్షికాదాయం అని గడులు ఉంటాయి. ఒక్కొక్క గడి ఎదురుగా మూడు సంగతులు రాయండి: గడచిన ఏడాదిలో ఈ వివరాన్ని మిమ్మల్ని ఇంకెవరు అడిగారు, సూటిగా అడిగారా చుట్టుతిప్పి అడిగారా, మీరు జవాబు చెప్పిన తరువాత ఎదుటివారి ధోరణిలో ఏమైనా మారిందా. మన వైపు కులాన్ని ముఖం మీద అడిగేవారు తక్కువ. "ఇంటిపేరేమిటండీ" అంటారు, "మీరు ఏటోళ్లు" అంటారు, లేదా "మేం ఇంట్లో నీచు వండనివ్వం" అని టు లెట్ బోర్డు కిందే తేల్చేస్తారు. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో గది వెతుక్కున్న విద్యార్థులకు ఈ ప్రశ్నలు కొత్త కావు. కొందరి కాగితం మీద మాత్రం కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి, ఎందుకంటే ఆ వివరాన్ని వారిని ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆ ఖాళీని తీసిపారేయకండి. పక్క బెంచీలోని మనిషి వారానికొకసారి జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న మీ దాకా రాలేదంటే, మీరు కష్టపడకుండానే మీకు దక్కిన సౌలభ్యం ఒకటుందని అర్థం. పాఠ్యపుస్తకాలు దీనిని విశేషాధికారం అంటాయి. ఆ మాట కొంచెం రాచరికపు వాసన వేస్తుంది గనుక నేను తరగతిలో "అడగని ప్రశ్న" అనే అంటాను.

మాతృభాష గడి దగ్గర ఇంకాస్త ఆగాలి. పాడేరు, అరకు వైపు నుండి వచ్చిన విద్యార్థులలో కొందరి ఇళ్లలో కువి, ఆదివాసీ ఒడియా వంటి గిరిజన భాషలు మాట్లాడుతారు. దరఖాస్తులో మాత్రం చాలామంది "తెలుగు" అని రాసి ఊరుకుంటారు, ఎందుకని అడిగితే రాయడం తేలికని చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చిన వారి సంగతి వేరు. వారిది తెలుగే, అయినా కళాశాల మొదలైన నెల తిరగకుండా "ఏటి" కాస్తా "ఏంటి" అవుతుంది, "గుంటడు" "పిల్లవాడు" అవుతాడు. మార్చుకోమని వారికి ఎవరూ చెప్పరు. సినిమాల్లో హాస్యపాత్రకు తగిలించిన యాస తమదేనని వారికి చిన్నప్పటి నుండి తెలుసు, అంతే. ఏ శాసనమూ లేకుండా ఒక తేడా తక్కువతనంగా ఎలా మారుతుందో చూడటానికి ఇంతకంటే దగ్గర ఉదాహరణ నాకు తోచదు.

తేడా వేరు, అసమానత వేరు అన్న సంగతిని గట్టిపరచుకోవడానికి హుద్‌హుద్ తుపానును ఒక అభ్యాసంగా తీసుకోండి. 2014 అక్టోబరు 12న ఆ గాలి నగరమంతటి మీదా ఒకే రోజు వీచింది. "ప్రకృతికి అందరూ సమానమే" అని అప్పుడు చాలామంది అన్నారు. మీ ఇంట్లో పెద్దవారిని, వీధిచివర కిరాణా కొట్టు నడిపేవారిని, అప్పట్లో రేకుల ఇంట్లో ఉన్నవారిని, పడవ ఉన్నవారిని విడివిడిగా కలిసి ఆ తరువాతి పదిహేను రోజులు ఎలా గడిచాయో అడగండి. ఒకరు జనరేటరు గురించి చెబుతారు, ఒకరు పాలప్యాకెట్టు ధర గురించి చెబుతారు, ఒకరు ముక్కలైన పడవ గురించి, మరొకరు పని దొరకని రోజుల గురించి చెబుతారు. తరువాతి ప్రశ్న ముఖ్యమైనది: తేరుకోవడానికి ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది? బీమా పత్రం, ఇంటి పట్టా, రేషన్ కార్డు, పడవ రిజిస్ట్రేషన్, జీతం పడే బ్యాంకు ఖాతా, ఇవన్నీ గాలి రాకముందే పంచిపెట్టి ఉన్నాయి. అందరికీ సమంగా పంచలేదు.

పేపరులో అందరూ తడబడే భాగం ఒకే మనిషిలో రెండు మూడు అస్తిత్వాలు కలిసినప్పుడు ఏమవుతుందన్నది. ఈ ఆలోచనకు 1989లో "ఇంటర్‌సెక్షనాలిటీ" అని పేరుపెట్టినవారు అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా. ఆమె చూపిన వ్యాజ్యాలలో ఒకటి జనరల్ మోటార్స్ మీద కొందరు నల్లజాతి స్త్రీలు వేసినది. సంస్థ స్త్రీలను ఉద్యోగాలలో పెట్టుకుంటూనే ఉంది, వారు కార్యాలయాల్లోని తెల్లజాతి స్త్రీలు. నల్లవారినీ పెట్టుకుంటూనే ఉంది, వారు కర్మాగారంలోని పురుషులు. అందువల్ల జాతి వివక్ష, లింగ వివక్ష రెండింటినీ కలిపి ఒక కొత్త ఫిర్యాదుగా వినడానికి న్యాయస్థానం ఒప్పుకోలేదు. రెండు లెక్కలు విడివిడిగా సరిపోయాయి, మధ్యలో నిలబడ్డ మనిషి మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

దీనిని కంఠస్థం చేసి పరీక్షలో అప్పగించవచ్చు. అర్థం కావాలంటే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లండి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం వేటకు వెళ్లే మత్స్యకారునికి భృతి ఇస్తుంది. 2025లో దానిని 10,000 రూపాయల నుండి 20,000 రూపాయలకు పెంచారు. సముద్రం మీదికి వెళ్లేది పురుషుడు గనుక భృతి అతని పేరున వస్తుంది. రేవులో వేలంపాట పాడి చేపను కొని, గంపకెత్తి, వీధి వీధి తిరిగి అమ్మేది స్త్రీ. మిగిలినదాన్ని ఉప్పువేసి ఎండబెట్టేదీ ఆమే. నిషేధం రోజుల్లో అమ్మడానికి ఆమె గంపలోకి వచ్చే చేప తగ్గిపోతుంది, ఆమె పనికి భృతి మాత్రం లేదు. మత్స్యకారుల లెక్కలో ఆమె భార్య, చిరువ్యాపారుల లెక్కలో కాలానుగుణంగా సరుకు తగ్గిన మనిషి. కులం, లింగం, వృత్తి మూడూ కలిసిన చోట ఆమె నిలబడి ఉంది. క్రెన్షా చెప్పినది ఇదే. భర్త లేని స్త్రీ సంగతి ఏమిటని కూడా అడగండి, లెక్క ఇంకా స్పష్టపడుతుంది.

సమూహాల లోపలి తేడాలనూ ఇలాగే చూడాలి. నగరంలో రెల్లివీధి, జాలారిపేట వంటి పేర్లు ఎవరిని ఎక్కడ ఉంచారో నేటికీ చెబుతున్నాయి. ఎస్సీ అన్న ఒక్క మాట కింద మాల, మాదిగ, రెల్లి అందరూ ఉన్నా, తరతరాలుగా పారిశుద్ధ్యపు పనికి కట్టివేయబడిన రెల్లి కుటుంబాల స్థితి మిగిలిన వారితో ఒకటి కాదు. ఉపవర్గీకరణ చేయవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో తీర్పు ఇచ్చిన తరువాత, ఆంధ్రప్రదేశ్ 2025లో 15 శాతం ఎస్సీ రిజర్వేషన్‌ను మూడు గ్రూపులుగా, 1, 6.5, 7.5 శాతాలుగా విభజించినప్పుడు రెల్లి, దాని ఉపకులాలను మొదటి గ్రూపులో ఉంచింది.

రిజర్వేషన్ల ప్రస్తావన వచ్చాక తరగతిలో గొంతులు పెరగడం ఖాయం. నేను పెట్టుకున్న నియమం చిన్నది: అంకెలు, తేదీలు తెలిసిన తరువాతే అభిప్రాయం. కులమతాల వారీగా సీట్లు పంచిన మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవో మీద చంపకం దొరైరాజన్ కేసు తీర్పు రాబట్టే 1951లో రాజ్యాంగపు తొలి సవరణతో, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే 15(4) అధికరణం చేరిందని, మన రాష్ట్రంలో బీసీల 29 శాతంలో ఎ, బి, సి, డి, ఇ గ్రూపులకు వరుసగా 7, 10, 1, 7, 4 అని, 2019లో 103వ సవరణ ద్వారా ఆర్థికంగా బలహీనులకు 10 శాతం వచ్చిందని బోర్డు మీద రాసిన తరువాత వాదన మొదలుపెడితే, అరుపులలో సగం వాటంతట అవే తగ్గుతాయి. మిగిలిన సగం ఉండటమే మంచిది. సహాధ్యాయిని "నీకు సీటు ఎలా వచ్చింది" అని అడగడం మాత్రం వాదన అనిపించుకోదు. అది ఎవరు చేసినా అక్కడికక్కడే ఆపాలి.

చరిత్ర భాగానికి విశాఖలో కొరత లేదు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం 1966లో కులం, ప్రాంతం చూడకుండా జనాన్ని వీధుల్లోకి తెచ్చింది. ఆ కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు భూమి వదులుకున్నాయి. ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకొని ఉద్యోగం కోసం ఎదురుచూసిన నిర్వాసితుల కుటుంబాలు గాజువాక, అగనంపూడి చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. ఒకే నినాదం కింద నిలబడ్డ "మనం"లో ఎవరి భాగానికి ఏమి వచ్చింది అన్న ప్రశ్న ఉక్కును తక్కువ చేయదు. కొండల వైపు చూస్తే, సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో వచ్చిన సమతా తీర్పు ఉంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద 1997లో వచ్చిన ఆ తీర్పులో, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతర "వ్యక్తి"కి బదలాయించరాదన్న 1/70 చట్టంలోని "వ్యక్తి" అనే పదంలోకి ప్రభుత్వం కూడా వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పదానికి చెప్పిన అర్థం మీద గ్రామాల భవితవ్యం నిలబడింది. అసమానత అంటే మనుషుల మనసుల్లోని చెడ్డతనమే అనుకునే విద్యార్థి ఈ తీర్పు చదివి తీరాలి.

ఇక క్షేత్రపర్యటన. నా మొదటి ఏళ్లలో ఒక పొరపాటు చేశాను: ముప్పైమంది విద్యార్థులను ముప్పై ప్రశ్నల కాగితంతో ఒకేసారి ఒక మత్స్యకారుల వాడకు పంపాను. "మీ నెలసరి ఆదాయం ఎంత?" అని మా అమ్మాయి అడిగితే, వల బాగుచేస్తున్న పెద్దాయన "ఏ నెలది తల్లీ, ఏట (వేట) ఉన్న నెలదా లేని నెలదా?" అన్నారు. ప్రశ్నను తయారుచేసిన మాకు జీతం వచ్చే ఇల్లే తెలుసునన్న సంగతి ఆ పూట బయటపడింది. అప్పటి నుండి ఇద్దరిద్దరినే పంపుతున్నాను, మొదటిసారి ప్రశ్నలు లేకుండా. ముందురోజు వెళ్లి వాడలోని పెద్దలకు చెప్పి రావాలి. స్త్రీలతో మాట్లాడేందుకు అమ్మాయిలు వెళ్లాలి, వారికి పని ఒత్తిడి లేని వేళ వెళ్లాలి. ఫోటో తీసేముందు అడగాలి, వద్దంటే ఎందుకని అడగకూడదు. కులం పేరును ఊహించి రాయకూడదు. వారు తమను తాము ఏమని పిలుచుకుంటారో ఆ మాటే రాయాలి, ఎందుకంటే సర్టిఫికెట్టు మీది పేరు, ఊరివారు పిలిచే పేరు, తాము చెప్పుకొనే పేరు మూడు వేర్వేరు కావచ్చు.

తిరిగివచ్చి వ్యాసం రాసేటప్పుడు "వివక్షకు గురవుతున్నారు", "వెనుకబడి ఉన్నారు" వంటి వాక్యాల కింద ఎర్ర గీత గీయండి. ఆ వాక్యాలలో కర్త లేడు. ఎవరు, ఏ నియమం ప్రకారం, ఏమి నిరాకరించారు, దానివల్ల ఏ రోజు ఏమి జరిగింది అని మార్చి రాయడానికి ప్రయత్నించండి. మార్చడానికి సమాచారం చాలకపోతే ఆ వాక్యాన్ని తీసివేయండి, లేదా మళ్లీ వెళ్లి అడగండి. జాలి పుట్టించే విశేషణాలను కూడా తగ్గించాలి; చేపలమ్మే స్త్రీని "అమాయకురాలు" అని రాసిన వ్యాసం నాకు ప్రతి ఏడూ ఒకటి వస్తుంది, రాసినవారు ఆమెతో బేరమాడి చూడలేదని దాంతోనే తెలిసిపోతుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక మార్కుల కోసం ఇచ్చే ముందు, మీకు సమయమిచ్చి మాట్లాడిన వారి దగ్గరకు మరోసారి వెళ్లి, వారి గురించి రాసిన పేరాలను వారికి చదివి వినిపించండి. వారు తప్పన్న చోట దిద్దండి. మీ పరిశీలన వేరుగా ఉంటే వారి మాటను, మీ మాటను పక్కపక్కనే ఉంచండి. ఈ పనికి కనీసం వారం రోజులు అట్టిపెట్టుకోవాలి, వేట నిషేధం ఎత్తివేసే జూన్ మూడవ వారం మాత్రం పెట్టుకోకండి, అప్పుడు మీతో మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.