సైటు బోర్డులు చదువుదాం – రెండో పాఠం: ముందు ఆకారం, తర్వాత బొమ్మ

పోయిన పాఠంలో గేటు దగ్గరే ఆగాం. అక్కడి పెద్ద బోర్డు మీద ఎమర్జెన్సీ నంబరు ఎక్కడుందో, ఫస్ట్ ఎయిడ్ గది ఏ దిక్కున ఉందో చూసిపెట్టుకోమని చెప్పుకున్నాం. ఇవాళ లోపలికి పోదాం. చదువు రానివాళ్లు కూడా ఈ పాఠం నేర్చుకోవచ్చు. ఇంట్లో పిల్లలతో గట్టిగా చదివించుకొని వినండి.

పాలమూరు నుంచి బొంబాయి, పుణె పోయి బిల్డింగులు కట్టేవాళ్లకు అక్కడి బోర్డుల మీద మరాఠీ, హిందీ కనబడతాయి. మన దగ్గరి ప్రాజెక్టులకు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చేవాళ్లకు తెలుగు రాదు. అందుకే భద్రతా గుర్తులను ఏ భాషకూ ముడిపెట్టలేదు. వాటి రంగులకు, ఆకారాలకు మన దేశంలో ఐఎస్ 9457 అనే ప్రమాణం ఉంది. అంతర్జాతీయంగా ఐఎస్ఓ 7010 ఉంది. ఈ నంబర్లు మీరు కంఠతా పట్టక్కర్లేదు. బొంబాయిలో నేర్చుకున్న గుర్తు నల్లగొండలోనూ పనికొస్తుందని తెలిస్తే చాలు.

గుండ్రంగా ఉన్న బోర్డు ఆజ్ఞ. మన ఇష్టానికి వదిలింది కాదు. ఇందులో రెండు రకాలున్నాయి. తెల్లటి నేల మీద ఎర్ర వలయం, ఎడమ పైమూల నుంచి కుడి కిందికి ఎర్ర అడ్డగీత ఉంటే ‘చేయొద్దు’. నిండా నీలం, మధ్యలో తెల్ల బొమ్మ ఉంటే ‘చేసి తీరాలి’. నడుస్తున్న మనిషి బొమ్మనే తీసుకోండి. ఎర్ర వలయంలో ఉంటే ఇటు నడవొద్దని. అదే మనిషి నీలం గుండ్రంలో ఉంటే నడిచేవాళ్లు ఈ దారినే పోవాలని. బొమ్మ ఒకటే, అర్థం తలకిందులు. బొమ్మ ఒక్కటే చూసి అడుగేస్తే టిప్పర్లు తిరిగే దారిలోకి పోతాం. అందుకే ఈ పాఠంలో మొదటి నియమం: కంటికి ముందు ఆకారం, రంగు పడాలి. బొమ్మ తర్వాత. అక్షరాలు చిట్టచివర.

హెల్మెట్, బూట్లు, కళ్లద్దాలు, సేఫ్టీ బెల్టు బొమ్మలన్నీ నీలం గుండ్రంలోనే వస్తాయి. వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. బెల్టు నడుముకు కట్టుకొని కొక్కెం గాలికి వదిలేస్తే ఆ బోర్డును పాటించినట్టు కాదు. కొక్కేన్ని గట్టి ఆధారానికి తగిలించినప్పుడే పాటించినట్టు.

ఇక పసుపు త్రిభుజం. నల్ల అంచు, పసుపు నేల, నల్ల బొమ్మ. నా లెక్కలో అన్నిటికన్నా కష్టమైన బోర్డు ఇదే. ఇది ఏమీ ఆజ్ఞాపించదు. ఇక్కడ ప్రమాదం ఉందని చెప్పి ఊరుకుంటుంది. ఏం చేయాలో మనమే తేల్చుకోవాలి. కొక్కేనికి బరువు వేలాడుతున్న బొమ్మ ఉందనుకోండి. అంటే అక్కడ క్రేన్ పనిచేస్తుంది. చాలామంది బోర్డు నాటిన చోటే ప్రమాదమనుకొని, దాన్ని దాటాక నిశ్చింతగా నడుస్తారు. క్రేన్ చెయ్యి తిరిగినంత మేరా, బరువు ఊగినంత మేరా ప్రమాదమే. కాబట్టి బోర్డు కనబడగానే ఆగాలి. తలెత్తి కొక్కెం ఎక్కడుందో చూడాలి. సిగ్నల్ ఇచ్చే మనిషి కోసం వెతకాలి. కొత్తగా వచ్చిన పిల్లగాడు అడుగుతాడు:

“అన్నా, ఈడికెళ్లి పోవచ్చా? బిర్రున దాటేస్త.”

“ఆగు తమ్మీ. మీద కడ్డీల కట్ట లేస్తున్నది. సిగ్నల్ మనిషి చెయ్యి దించిందాక ఆగు, లేకుంటే సుట్టు తిరిగి పో.”

మేస్త్రీ ఇట్లా చెప్పే సైటులో ఆ త్రిభుజానికి విలువ ఉంటుంది. చుట్టు తిరిగితే రెండు నిమిషాలు పోతాయి, పోనివ్వండి. ఆ రెండు నిమిషాలకు ఏ మేస్త్రీ అయినా తిడితే తప్పు మేస్త్రీదే.

హైదరాబాదు–విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటేటప్పుడు కనిపించే త్రిభుజాలకు తెల్ల నేల, ఎర్ర అంచు ఉంటాయి. అవి బండ్లకు హెచ్చరికలు. రంగు వేరైనా త్రిభుజం చెప్పేది అక్కడా ఇక్కడా జాగ్రత్త అనే.

చతురస్రం, దీర్ఘచతురస్రం సమాచారం ఇస్తాయి. ఆకుపచ్చ నేల మీద తెల్ల ప్లస్ గుర్తు ఫస్ట్ ఎయిడ్‌ది. నాలుగు మూలల నుంచి బాణాలు మధ్యలోని మనుషుల వైపు చూపిస్తే, సైరన్ మోగినప్పుడు అందరూ చేరాల్సిన చోటు అదే. అక్కడికి చేరాక తలలు లెక్కపెడతారు. అటు పోకుండా గేటు దాటి ఇంటికి పోతే, మీరు లోపల చిక్కుకున్నారనుకొని మీకోసం ఇంకొకరు ప్రాణాలకు తెగించి వెళ్లే ప్రమాదముంది. ఎర్ర చతురస్రంలో తెల్ల సిలిండర్, మంట బొమ్మ ఉంటే మంటలార్పే సామాను అక్కడుందని. రెండూ ఎరుపే గానీ ఎర్ర వలయం మనల్ని ఆపుతుంది, ఎర్ర చతురస్రం ఆపదలో ఆదుకుంటుంది.

మన ఎండ సంగతి వేరుగా చెప్పాలి. నల్లగొండ వేసవిలో బయట నిలబెట్టిన బోర్డుకు రంగు నిలవదు. ఎరుపు గులాబీ అవుతుంది, పసుపు తెల్లబడుతుంది. దాని మీద సిమెంటు దుమ్ము పేరుకుంటే బొమ్మే కనబడదు. అప్పుడు కూడా ఆకారం మిగులుతుంది. వెలిసిన త్రిభుజాన్ని త్రిభుజంగానే చదవండి, దుమ్ము తుడవండి, కొత్తది పెట్టమని సూపర్‌వైజరుకు చెప్పండి. అది కూలిమనిషి హద్దు దాటడం కాదు.

కరెంటు బాక్సుల మీద పుర్రె, ఎముకల బొమ్మతో 440 వోల్ట్స్ అని రాసిన డేంజర్ బోర్డు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ల మీద, స్తంభాల మీద చిన్నప్పటి నుంచీ చూసి చూసి మన కళ్లకు అది ఆనడం మానేసింది. పసుపు త్రిభుజంలో మెరుపు బాణం బొమ్మ ఉన్నా కరెంటు ప్రమాదమే. స్లాబు గట్టిపడడానికి పట్టే క్యూరింగ్ నీళ్లు కిందికి కారి వైర్ల మీద పడే చోట ఈ బోర్డును రెండుసార్లు చూడాలి. తడి చేత్తో ప్లగ్గు ముట్టొద్దు. అతుకులు తేలిన వైరు కనబడితే మీరు కదిలించకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

బోర్డు పెట్టి చేతులు దులుపుకునే యాజమాన్యాలను నేను ఒప్పుకోను. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అట్లాంటి ప్రమాదాన్ని ఏ బోర్డూ ఆపలేదు. గోతికి కంచె, అంచుకు రెయిలింగు, సొరంగానికి ఆధారం ముందు ఉండాలి. అవి చేశాక కూడా మిగిలిన ప్రమాదాన్ని చెప్పడానికే బోర్డు. అంచుకు రెయిలింగు లేకుండా ‘పడిపోతారు జాగ్రత్త’ అన్న త్రిభుజం ఒక్కటే కనబడితే, రెయిలింగు ఏదని అడగండి. ఒక్కరే అడగడానికి జంకితే గుంపు మేస్త్రీని వెంటబెట్టుకొని అడగండి.

వచ్చే పాఠం పరంజాకు కట్టే ఆకుపచ్చ, ఎరుపు ట్యాగుల గురించి. ఈలోపు మీ సైటులో గేటు నుంచి మీరు పనిచేసే చోటు దాకా ఉన్న బోర్డులను చూసి, ఒక కాగితం మీద ఆకారాలు మాత్రమే గీయండి, బొమ్మలు వద్దు. సాయంత్రం పక్కవాళ్లకు ఆ కాగితం చూపించి, ఏది చేయొద్దంటుందో, ఏది చేయమంటుందో, ఏది హెచ్చరిస్తుందో అడగండి. ప్రమాదం ఉండీ బోర్డు లేని చోటు కనబడితే కాగితం మీద అక్కడ ఇంటూ మార్కు పెట్టి, మర్నాడు పని మొదలుకాకముందే సూపర్‌వైజరుకు చూపించండి.