విశ్రాంత జీవితంలో డిజిటల్ నోటుపుస్తకం: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• ఫోనులోనో కంప్యూటరులోనో రాతలు దాచుకునే ఈ నోటుపుస్తకం ఖాతాను ఆఫీసు ఈమెయిల్‌తో కాకుండా సొంత ఈమెయిల్‌తోనే తెరవండి.

• తెలుగును తప్పనిసరిగా యూనికోడ్‌లోనే (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ గుర్తించే అక్షర పద్ధతి) టైపు చేయండి. పాత డీటీపీ (కంప్యూటరులో అచ్చు పేజీల తయారీ) అలవాటు కొద్దీ యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో రాస్తే, ఆ ఫాంటు లేని ఫోనులో ‘అమ్మ’ అన్న మాట కూడా అర్థంకాని గుర్తులుగా మారిపోతుంది. మనవరాలు చదవలేని జ్ఞాపకాలు మిగలడం నిజంగా బాధాకరం.

• పింఛను వివరాల పక్కనే ఏటీఎం పిన్, పాస్‌వర్డులు రాసిపెట్టకండి.

• మీ రాతలు గూగుల్ ఖాతాలో ఉంటే, దాన్ని వరుసగా 2 ఏళ్లు వాడకపోతే అందులోని సమాచారాన్ని ఆ సంస్థ తొలగించే వీలుంది కనుక, ఖాతా వాడకం ఆగిపోతే సమాచారం ఎవరికి అందాలో చెప్పే ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ సెట్టింగులో జీవిత భాగస్వామినో పిల్లలనో ముందే నమోదు చేయండి. ఉచితంగా లభించే 15 జీబీ స్థలాన్ని ఈమెయిళ్లు, ఫొటోలు కూడా పంచుకుంటాయి.

• నెలకొకసారి రాతలను పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవులో దాచండి.