చట్టం చదవడం నేర్చుకుందాం – 4: పదవి ఇచ్చేదెవరు, తీసేదెవరు?

పోయిన పాఠంలో క్రియాపదాల కింద పెన్సిల్‌తో గీతలు గీశాం. ఈసారి రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను అలాగే చదువుదాం. రాజ్యాంగంలోని 316, 317 అధికరణలను పక్కపక్కన పెట్టుకోండి. గ్రూప్స్‌కు చదివేవాళ్లు చాలామంది వీటిని విడివిడిగా బట్టీ పట్టి పొరబడతారు.

316(1) ప్రకారం ఛైర్మన్‌ను, సభ్యులను నియమించేది గవర్నర్. ఆ మాట కింద గీత గీయండి. వెంటనే ‘అయితే’ అంటూ ఒక షరతు వస్తుంది: సభ్యుల్లో దాదాపు సగం మంది కేంద్ర ప్రభుత్వంలోనో, రాష్ట్ర ప్రభుత్వంలోనో కనీసం 10 ఏళ్లు పనిచేసినవారై ఉండాలి. మిగతా సగానికి ఏ విద్యార్హతా చెప్పలేదు. సభ్యుల సంఖ్యా ఇక్కడ లేదు. 318 కింద గవర్నర్ నిర్ణయిస్తారు.

316(2) దగ్గర కాస్త ఆగుదాం. పదవీకాలం 6 ఏళ్లు, లేదా 62 ఏళ్లు నిండేదాకా. ఏది ముందైతే అది. (1976లో 41వ సవరణ రాకముందు 60 ఏళ్లే.) కాగితం మీద రెండు తేదీలు రాయండి: చేరిన రోజుకు 6 ఏళ్లు కలిపితే వచ్చేది ఒకటి, 62వ పుట్టినరోజు రెండోది. ముందున్న తేదీకి సున్నా చుట్టండి. తెలంగాణ మాజీ డీజీపీ మహేందర్ రెడ్డి 2024 జనవరిలో కమిషన్ ఛైర్మన్ అయ్యారు. అదే డిసెంబర్‌లో 62 నిండి దిగిపోయారు. ఆరేళ్ల పదవి ఏడాది కూడా తిరగలేదు!

ఇప్పుడు 317. నియమించినవారే తీసేస్తారనుకుంటాం. కాదు, తొలగించేది రాష్ట్రపతి. దుష్ప్రవర్తన ఆరోపణైతే సుప్రీంకోర్టుకు నివేదించాలి, కోర్టు విచారించి తొలగించవచ్చని చెప్పాలి. ఈలోగా గవర్నర్ సస్పెండ్ మాత్రమే చేయగలరు. దివాలా తీసినా, జీతానికి బయట ఉద్యోగం చేసినా, శరీరమో మనసో సహకరించక పదవికి పనికిరాకపోయినా కోర్టు దాకా వెళ్లకుండా రాష్ట్రపతే తీసేయవచ్చు. రాజీనామా లేఖ మాత్రం గవర్నర్‌కే.

ఎందుకింత కట్టుదిట్టం? ఏళ్ల తరబడి అద్దె గదుల్లో చదువుకునే పిల్లల మార్కులు ఆ కమిషన్ చేతిలో ఉంటాయి. వాటిని దిద్దించేవాళ్లు అధికారంలో ఉన్నవాళ్లకు భయపడకూడదు. నాకు రాజ్యాంగంలో బాగా నచ్చిన ఏర్పాట్లలో ఇదొకటి.

అభ్యాసం: ఒకామె 50వ ఏట సభ్యురాలయ్యారు. ఎప్పుడు దిగిపోవాలి? ఆ తర్వాత అక్కడే మళ్లీ సభ్యురాలు కావచ్చా? ఛైర్మన్ కావచ్చా? 316(3), 319 పక్కపక్కన పెట్టుకుని రాయండి. అయిదో పాఠం మీ జవాబుతోనే మొదలుపెడదాం.