రాత్రి చూసిన నోటామ్ పొద్దునకి పాతదే

ఈ మధ్యే మాకు తెలిసిన ఓ యువ పైలట్, ప్రముఖుల రాక కోసం మూసేసిన గగనతలంలోకి నేరుగా వెళ్లిపోయాడు. దిగాక అతని తొడకు కట్టుకున్న ప్యాడ్ మీద కాగితం చూశాను. నోటామ్‌లన్నీ (గగనతలం మూసివేతల్లాంటివి పైలట్లకు తెలిపే అధికారిక నోటీసులు) వరసగా ఉన్నాయి. ముఖ్యమైనవాటి కింద గీతలు కూడా గీసుకున్నాడు. పైన మూలన ప్రింట్ తీసిన సమయం చూస్తే ముందు రోజు రాత్రి. ఆ మూసివేత నోటామ్ వచ్చింది తెల్లవారుజామున.

అంత శ్రద్ధగా చదివినవాడు బయలుదేరే ముందు మళ్లీ చూడలేదు. నేను చూసిన ఉల్లంఘనల్లో ఎక్కువ భాగం ఇలా జరిగినవే. ఎయిర్‌స్పేస్ క్లాసులు, ప్రొహిబిటెడ్ (పూర్తిగా నిషేధం), రెస్ట్రిక్టెడ్ (షరతులతో) ఏరియాల తేడాలు పైలట్లైన మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. రాత్రి చూసేది ప్లాన్ వేసుకోవడానికి. ఎగరడానికి మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు చూసిందే లెక్క. విమానంలోని మ్యాప్‌లో మూసివేతల ఎరుపు కనబడలేదని ధైర్యపడొద్దు. నావిగేషన్ డేటాబేస్ 28 రోజులకోసారి మారుతుంది, ఇవాళ పొద్దున ప్రకటించిన మూసివేత అందులో ఉండదు.

నోటామ్‌లో బీ, సీ పంక్తుల (మొదలు, ముగింపు సమయాలు) దగ్గర కాసేపు ఆగండి. ఆ పది అంకెలు వరసగా ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం. అది యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం), మీ చేతి గడియారం టైమ్ కాదు. చివర ఈఎస్‌టీ అని ఉంటే ముగింపు సమయం అంచనా మాత్రమే. దాన్ని రద్దు చేస్తూనో మారుస్తూనో ఇంకో నోటామ్ వచ్చేదాకా అమల్లో ఉన్నట్టే.

ఇక ఎత్తు. 3,000 అడుగుల వరకు మూసిన ఏరియా మీదుగా 3,200లో వెళ్తూ నిశ్చింతగా ఉంటారు. దారిలో క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం) 10 హెక్టోపాస్కల్స్ తగ్గి, మీరు ఆల్టీమీటర్ (ఎత్తు చూపే పరికరం) సెట్టింగ్ మార్చకపోతే నిజానికి మీరున్నది 2,900 దగ్గర. అంటే లోపలే. ఎత్తులో కొద్ది తేడా ఎంత ప్రమాదమో చూడండి: 2025 జనవరి 29న వాషింగ్టన్ దగ్గర, 200 అడుగులు దాటకూడని రూటులో ఓ హెలికాప్టర్ 278 అడుగుల ఎత్తున ప్రయాణికుల విమానాన్ని ఢీకొంది. 67 మంది చనిపోయారు.

మూసిన ఏరియా అంచులు ఒరుసుకుంటూ వెళ్లొద్దు. పక్కకీ పైకీ జాగా వదలండి.

క్లియరెన్స్ కావాల్సిన చోట కంట్రోలర్ ‘స్టాండ్‌బై’ (ఆగండి) అంటే అనుమతి కాదు. బయటే చుట్లు కొట్టండి.

‘ఆ ఏరియా ఎప్పుడూ ఖాళీయే’ అని ఎవరు చెప్పినా వినొద్దు.

టేకాఫ్ గంట లేటయిందా? నోటామ్ మళ్లీ చూడండి. ఇంధనం కోసం మధ్యలో దిగారా? మళ్లీ చూడండి.

మబ్బులకు దారి మార్చారా? కొత్త దారిలో మూసివేతలేమున్నాయో రేడియోలో అడగండి.

జీపీఎస్ ఒక్కదాన్నే నమ్మొద్దు. జామింగ్ (సిగ్నల్‌ను అడ్డుకోవడం) ఉన్నచోట అది పనిచేయకపోవచ్చు, తప్పు చూపించొచ్చు.

రెండో రేడియో 121.5 (అత్యవసర ఫ్రీక్వెన్సీ) మీద ఉంచండి.

పొరపాటున లోపలికి వెళ్లామని తెలిసినా ట్రాన్స్‌పాండర్ (మీరెవరో రాడార్‌కి కోడ్‌తో చెప్పే పరికరం) ఆపొద్దు. ఆపితే కింద రాడార్ ముందున్నవాళ్లకి మీరు దారి తప్పిన పైలట్‌లా కాదు, దాక్కుంటున్నవాడిలా కనిపిస్తారు.

ఫైటర్ విమానం పక్కకొచ్చి రెక్కలూపితే మీరూ ఊపి దాని వెనకే వెళ్లండి. 121.5లో పిలవండి. కంట్రోలర్ వేరే కోడ్ చెప్పకపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7700 (అత్యవసర కోడ్) పెట్టండి.