మీ డిజైన్ ఏ ఇంటి నుంచి వచ్చిందో వెతకడం ఎలా

ఆర్కిటెక్చర్ చదివేవాళ్లని "నీ మీద ఎవరి ప్రభావం ఉంది?" అని అడిగితే చాలామంది చండీగఢ్ నగరాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే పేరు చెప్తారు. నేనూ అదే చెప్పాను, ఆయన కట్టిన భవనం ఒక్కటీ కళ్లతో చూడకుండానే.

ముందు పుస్తకాలు మూసేసి, చిన్నప్పుడు ఎక్కువ రోజులు గడిపిన ఇల్లు తలుచుకుని గుర్తున్నంతవరకు ప్లాన్ గీయండి. అమ్మకి ఫోన్ చేసి అడగొద్దు. కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా లోగిలి నేనలా గీస్తే మండువాయే (ఇంటి నడుమ పైకప్పు లేని చోటు) సగం కాగితం ఆక్రమించింది, వంటిల్లు గీయడమే మర్చిపోయాను (ఈ సంగతి అమ్మమ్మకి చెప్పలేదు లెండి).

తర్వాత టేపు పట్టుకెళ్లి కొలవండి. మండువా పది అడుగులు కూడా లేదు! నాలుగువైపుల పెంకుల వాలు మీంచి వాన అందులోకి దూకుతుంటే వసారాలో కూర్చుని గంటలు గంటలు చూసేవాళ్లం, అందుకే నా తలలో అంత పెద్దదైపోయింది. ఏ ఇల్లు గీసినా మధ్యలో ఖాళీ వదిలే నా అలవాటు కాలేజీలో వచ్చింది కాదని అప్పుడర్థమైంది. వంటింటికేమో ఎప్పుడూ మిగిలిన మూల ఇచ్చేవాణ్ణి, మేడమ్ తిట్టేవారు. మగపిల్లాడిగా పొగ నిండిన ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లాను గనక? కాబట్టి తప్పు గీసిన చోట్లే ఎక్కువసేపు చూడండి.

కొలిచేటప్పుడు పెద్దవాళ్లెవరైనా పక్కనుండాలి. "అరుగు ఇంత ఎత్తెందుకు మావయ్యా?" అంటే ఆయన మాట్లాడకుండా, 1986 ఆగస్టు వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడమీద గీసిన గీత చూపించాడు. కొత్త గది ఫ్లోరింగ్ ఆ గీతకి జానెడు పైన వేయించాడు, ఏ ఇంజనీరునీ అడక్కుండా.

పెద్ద పేర్లు ఆ తర్వాత. మన దేశపు ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి 1950ల మొదట్లో పారిస్‌లో కార్బూజియే దగ్గరే పనిచేశాడు, 2018లో ఆర్కిటెక్చర్‌లో అతిపెద్ద బహుమతిగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ అందుకున్నాడు. అలాంటాయన ఇందోర్‌లో తక్కువాదాయం వాళ్లకి కట్టిన అరణ్య ఇళ్ల ముందు ఏం పెట్టాడో చూడండి: ఒట్లా, అంటే మన అరుగే. ఆయన చదువంతా పారిస్‌ది అనుకునేవాళ్లు ఆ ఫొటోలు ఒకసారి తిరగేయాలి.

చివరగా మీ పాత ప్రాజెక్టు డ్రాయింగ్ తీసి ఇంటి నుంచి వచ్చినవాటికి ఎర్ర పెన్ను, మేష్టార్ల నుంచి వచ్చినవాటికి నీలం, పింటరెస్ట్‌లో చూసి దించినవాటికి పెన్సిలు పెట్టండి. నాకైతే పెన్సిలు రెండుసార్లు చెక్కాల్సొచ్చింది.