కుక్కకు ఏమైందో తెలియట్లేదా? ముందు అది పడుకునే చోటు చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ పెంపుడు కుక్కలకు వచ్చే బాధల్లో చాలావాటికి మూలం దాన్ని మనం కట్టేసిన చోటే. జాతిని బట్టి తట్టుకునే శక్తి మారుతుంది, అంతే.

సమస్య: విపరీతంగా రొప్పుతోంది, చిక్కటి చొంగ కారుతోంది, నడిస్తే తూలుతోంది

కారణం: వడదెబ్బ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడి ఎక్కువగా రొప్పడంతోనే బయటకు పోవాలి. పగ్‌కు ముక్కు చప్పిడి కాబట్టి ఆ పనీ సరిగ్గా సాగదు. రేకుల షెడ్డు కింద కట్టేస్తే ఏ జాతికైనా ప్రాణాపాయమే.

పరిష్కారం: వెంటనే నీడకు తెచ్చి, మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. పొట్ట, తొడల లోపలి వైపు బాగా తడవాలి. తడి గోనెసంచి కప్పి వదిలేస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది. ఒంటి వేడి 103 ఫారన్‌హీట్‌కు దిగాక నీళ్లు ఆపి, తేరుకున్నట్టు కనిపించినా సరే పశువుల దవాఖానకు తీసుకుపోండి. కిడ్నీలు దెబ్బతింటే ఆ సంగతి మర్నాడు బయటపడొచ్చు. జ్వరమనుకొని మనం వేసుకునే పారాసెటమాల్ వేయొద్దు.

హస్కీకి చల్లగా ఉంటుందని గుండు గీయిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి, పై బొచ్చు దానికి ఎండ నుంచి కాపు. రాలే లోపలి బొచ్చును దువ్వి తీస్తే చాలు.

సమస్య: పిడుదులు ఎంత ఏరినా మళ్లీ వస్తున్నాయి

కారణం: రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కింద రాలి, షాబాదు బండల సందుల్లో, గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. రాత్రి టార్చి వేసి కుక్క పడుకునే మూల చూడండి. గోడ మీద పైకి పాకే ఆవగింజ కన్నా చిన్న చుక్కలు దాని పిల్లలే.

పరిష్కారం: బరువును బట్టి డాక్టరు ఇచ్చిన మందు కుక్కకు, అదే రోజు ఇంటికీ మందు, తర్వాత సందులకు సిమెంటు. పత్తికి కొట్టే మందును మాత్రం కుక్కకు పూయకండి, నాకితే చచ్చిపోతుంది. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం వస్తే ఎర్లీకియా (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే రక్తపు జబ్బు) అనుమానించి రక్తపరీక్ష చేయించాలి. తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. కొన్నాళ్లకే కుక్క హుషారవుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపొద్దు.

సమస్య: జర్మన్ షెపర్డ్ ఇంటికొచ్చిన ప్రతివారి మీదికీ దూకుతోంది

కారణం: పొద్దంతా గొలుసు. మందలు కాయడానికి తయారుచేసిన జాతికి పనీ లేదు, నడకా లేదు.

పరిష్కారం: తెల్లారకముందు ఒకసారి, రాత్రి ఒకసారి నడిపించండి. చుట్టాలొచ్చినప్పుడు దూరంగా కూర్చోబెట్టి, అరవకుండా ఉన్నంతసేపూ చిన్న చిన్న ముక్కలు తినిపించండి. కొడితే, మనుషులొచ్చారంటే తనకు దెబ్బలని నేర్చుకుంటుంది, కోపం ఇంకా పెరుగుతుంది. ల్యాబ్రడార్ పిల్ల చెప్పులు కొరికితే అది పళ్లు మారే వయసు. నమలడానికి తడిపి చల్లబరిచిన గుడ్డ ఇవ్వండి.

సమస్య: కుక్కపిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు

కారణం, పరిష్కారం: పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. గంటలు లెక్క, వెంటనే సెలైన్ ఎక్కించాలి. టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి వేయించాలి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పిల్ల చనిపోయిన వాకిట్లోకి మరో పిల్లను తేవాలంటే దాని టీకాలన్నీ పూర్తయ్యాకే తెచ్చుకోండి.