పాత లివర్ రైఫిల్ మూతి దిగిపోతోందా? ముందు బట్ మూత తీసి చూడండి

భుజానికెత్తగానే మూతి నేలకు దిగిపోతోంది. గురి నిలవదు. పది నిమిషాలు పట్టుకుంటే ఎడమ చెయ్యి లాగేస్తుంది. అమెరికాలో పాత వించెస్టర్ కంపెనీ లివర్ రైఫిల్ (కింది మీటను ఆడిస్తే తూటా ఎక్కే తుపాకీ) కొనుక్కున్న మనవాళ్లు నాతో చెప్పే బాధ ఎక్కువగా ఇదే. నేనుండేది టెక్సాస్‌లో. ఇలాంటి రైఫిళ్లు కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. చాలాసార్లు అసలు తుపాకీలో లోపం ఉండదు, దానిలోంచి ఏదో పోయి ఉంటుంది, లేదా ఏదో మారి ఉంటుంది. అదేమిటో తేలేదాకా ఆకురాయి, రంపం ముట్టుకోకండి.

ముందుగా లివర్ పూర్తిగా కిందికి దించి, ఛాంబరూ (పేల్చబోయే తూటా కూర్చునే గది), గొట్టం మ్యాగజైనూ (మిగతా తూటాలు వరసగా ఉండే చోటు) ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత మెత్తటి తాడుతో ఒక వలయం కట్టి, గుమ్మానికి వేలాడదీసి, రైఫిల్‌ని అందులో దూర్చండి. కావడి బద్దను భుజం మీద అటూ ఇటూ జరిపి సమం చేసుకున్నట్టే, తాడును జరుపుతూ పోతే ఒకచోట రైఫిల్ అడ్డంగా నిలుస్తుంది. అదే దాని సమతుల్యం ఉన్న చోటు. అక్కడ సన్న దారం కట్టండి. టేపు అంటించొద్దు, లోహం మీది పాత నీలి పూత లేచిపోవచ్చు.

ఖాళీగా ఉన్నా మూతి బరువు

1873 మోడల్ వించెస్టర్ రైఫిల్‌కి 24 అంగుళాల బ్యారెల్ (గుండు బయటికెళ్లే గొట్టం), దాని కింద అదే పొడవున మ్యాగజైన్ గొట్టం. ఎనిమిది పలకల బ్యారెల్ అయితే గుండ్రటిదానికన్నా బరువు, మొత్తం తుపాకీ సుమారు నాలుగు కిలోలు తూగుతుంది. కాబట్టి కొంత ముందు బరువు దాని సహజ స్వభావం. ఎడమ చేతిని ముందు కర్ర చివరిదాకా జరిపి పట్టుకుంటే అది చాలావరకు సర్దుకుంటుంది.

అంతకుమించి దిగిపోతుంటే బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) చివరనున్న లోహపు ప్లేటు చూడండి. 1866, 1873 మోడళ్లలో చాలావాటికి అక్కడ చిన్న మూత ఉంటుంది. లోపలి రంధ్రంలో ముక్కలుగా విడదీసి పెట్టుకునే క్లీనింగ్ కడ్డీ ఉండాలి. నా 1873 కొన్న కొత్తలో ఆ రంధ్రం ఖాళీగా ఉంది, ఎప్పుడో ఎవరో తీసేశారు. నూరు గ్రాముల సీసపు గుళ్లను గుడ్డసంచిలో కుట్టి, కదలకుండా చుట్టూ మెత్తటి గుడ్డ కూరి అందులో పెట్టాను. దారం కట్టిన చోటు నుంచి సమతుల్యం దాదాపు ఒక సెంటీమీటరు వెనక్కి జరిగింది. చెయ్యి ఆ తేడాను వెంటనే పట్టేసింది. ఎప్పుడు కావాలన్నా సంచి తీసేయవచ్చు. అసలు తుపాకీకి గీత కూడా పడదు.

తూటాలు నింపాక మూతి బరువు, పేల్చేకొద్దీ తేలిక

ఇది లోపం కాదు. 1873కి వేసే 44-40 రకం తూటాలో గుండు ఒక్కటే 200 గ్రెయిన్లు, అంటే దాదాపు 13 గ్రాములు. గొట్టంలో 15 పడతాయి. మందుగుండు, తూటాల ఇత్తడి తొడుగులు వదిలేసినా గుండ్లే 195 గ్రాములు. అవన్నీ బ్యారెల్ కింద వరసగా ఉంటాయి. పేల్చేకొద్దీ వరస పొట్టిదవుతుంది, స్ప్రింగు మిగిలినవాటిని వెనక్కి నెడుతుంది. అయిదే తూటాలు వేస్తే అవి తుపాకీ నడుమకు దగ్గరగా ఉంటాయి కాబట్టి సమతుల్యం పెద్దగా కదలదు. గురి అభ్యాసానికి నేను అయిదే వేస్తాను. 1876 మోడల్‌లో తేడా ఇంకా ఎక్కువ, దాని 45-75 రకం తూటా గుండు 350 గ్రెయిన్లు మరి. ఈ ఇబ్బంది మొదటినుంచీ లేనిది కావాలంటే సావేజ్ కంపెనీ 1899 మోడల్ రైఫిల్ చూడండి. దాని తూటాలు తిరిగే మ్యాగజైన్‌లో, నడుమ దగ్గరే కూర్చుంటాయి.

బరువు సరిపోయినా చేతిలో గుల్లగా, వదులుగా

బట్ మెడ దగ్గర పట్టుకుని మెల్లగా ఊపండి. కదిలితే వెనక స్క్రూ వదులైంది. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో బిగించండి, అతిగా బిగిస్తే నూరేళ్ల చెక్క చీలుతుంది. బిగించినా కదులుతుంటే అక్కడ చెక్క నూనె తాగి మెత్తబడి ఉంటుంది. నల్లగా, జిగటగా కనిపిస్తుంది. బట్ విప్పి ఆ చోట సుద్దపొడి ముద్ద పట్టించి, ఎండాక దులిపి, మళ్లీ పట్టించండి. వారాలు పడుతుంది, తొందరపడకండి. తుపాకీని మూతి పైకి నిలబెట్టి దాచడమే దీనికి మూలం. నూనె కారి చెక్కలోకి దిగుతుంది. మూతి కిందికి పెట్టి నిలబెట్టండి.

మూతి తేలిక, వెనక బరువు

బ్యారెల్ కోసేశారేమో చూడండి. లివర్ మూసి, కొలకర్రను మూతిలోంచి, ఛాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్టు తగిలేదాకా దించి కొలవండి. మామూలు 1873 రైఫిల్ అయితే 24, పొట్టి రకమైన కార్బైన్ అయితే 20 అంగుళాలు రావాలి. ప్రత్యేకంగా వేరే పొడవుతో చేయించుకున్నవీ ఉన్నాయి కనుక తొందరపడి తీర్మానించకండి. వయోమింగ్‌లోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంలో పాత వించెస్టర్ కర్మాగారపు లెడ్జర్లున్నాయి. మీ సీరియల్ నంబరు వాటిలో ఉంటే, ఆ తుపాకీ ఏ రూపంలో బయటికొచ్చిందో రాసిస్తారు. కోసేసిన బ్యారెల్‌కి మందు లేదు. ఆ సంగతి ముందే తెలిస్తే అసలు ధర పెట్టి కొనకుండా ఉండొచ్చు.